నుదుటి మీద ఇరవై

నేను ఒక అబద్ధాల తూకపురాయిని. పోతపోసిన ఇనుప ఒళ్లు, పైన చేతికి పట్టుదొరికే పిడి, నుదుట ఇరవై కిలోలన్న అంకె. పుట్టినప్పుడు నిజాయితీగానే పుట్టాను. ధాన్యం కొనే విస్సన్న నన్నూ, నాతో పుట్టిన మరో రెండింటినీ తెచ్చుకుని, కడుపులు తొలిపించి సీసం పోయించాడు. అప్పటినుంచి మేం ఒక్కొక్కటీ ఇరవై రెండున్నర. మనుషులు నుదురు చూస్తారు గానీ కడుపు చూడరు.

మేం మూడూ, ఒక పదీ, ఒక ఐదూ కాటా ఎక్కితే అది డెబ్బై ఐదు కిలోల బస్తా అనేవారు. పైనున్న ఏడున్నర కిలోలు రైతు పోగొట్టుకున్నాడు, విస్సన్న దక్కించుకున్నాడు. వాటిని వీపున మోసినవాడు హమాలీ ఇశ్రాయేలు. పద్దెనిమిదేళ్లు మోశాడు. ఒకరోజు లారీ ఎక్కే చెక్క మీద బస్తాతో పక్కకు తిరిగాడు, నడుము కలుక్కుమంది, అక్కడే కూలబడిపోయాడు.

హమాలీల ముఠాలో ఒక ఆనవాయితీ ఉంది. మంచాన పడ్డవాడి తలగుడ్డను షెడ్డులో మేకుకు తగిలిస్తారు. రెండో పంట, దాళ్వా ధాన్యం దిగేదాకా వాడి చోటు ఎవరికీ ఇవ్వరు. ఆలోగా వాడు డాక్టరు చెప్పిన బరువును మేస్త్రి కళ్లెదుట పదిసార్లు ఎత్తి చూపాలి. ఇశ్రాయేలుకు ఆసుపత్రిలో కసరత్తులు నేర్పే డాక్టరమ్మ చెప్పిన బరువు ఇరవై కిలోలు.

అప్పటికి విస్సన్న కొట్లో కరెంటు కాటా వచ్చింది, మేం మూల చేరాం. ఇశ్రాయేలు భార్య రూతమ్మ వచ్చి, మొగుడి కసరత్తుకు ఒక ఇరవై కిలోల రాయి అడిగింది.

"తీసుకెళ్లమ్మా, ఊరికే ఇస్తన్నాను" అన్నాడు విస్సన్న. నా కడుపులో ఏముందో మాత్రం చెప్పలేదు. రూతమ్మ దారంతా ఆయన్ని దీవించుకుంటూ నన్ను మోసుకెళ్లింది.

ఇశ్రాయేలు రెండు కిలోలతో మొదలుపెట్టి, ఐదుకు, పదికి వచ్చి, చివరికి నా దగ్గరకొచ్చాడు. మోకాళ్లు వంచేవాడు, నడుము నిటారుగా ఉంచేవాడు, నన్ను ఒంటికి దగ్గరగా పట్టుకుని లేచేవాడు. మొదటి వారం ఒక్కసారి. నెల తిరిగేసరికి ఆరు. తర్వాత ఎనిమిది. ఎనిమిది దగ్గరే ఆగిపోయాడు. అతని చెమట నా పిడి మీద పడుతుంటే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

దాళ్వా లారీలు వచ్చే ముందురోజు పెద్దింట్లు మేస్త్రి తలగుడ్డ చంకలో పెట్టుకుని వచ్చాడు. ఇశ్రాయేలు ఎనిమిదిసార్లు ఎత్తాడు. తొమ్మిదోసారి మోకాళ్ల దాకా లేపి, అక్కడే ఆగిపోయాడు.

"ఇంకో రెండేరా" అన్నాడు మేస్త్రి, తనే ఎత్తుతున్నట్టు పళ్లు బిగించి.

ఇశ్రాయేలు నన్ను మెల్లగా దించి గోడ పట్టుకున్నాడు. మేస్త్రి తలగుడ్డ మడతపెట్టి అతని చేతికిచ్చాడు. ముఠాలో గుడ్డ చేతికిచ్చారంటే చోటు పోయినట్టే.

"ఇరవై కిలోలే రూతూ" అన్నాడు ఇశ్రాయేలు ఆ సాయంత్రం. "ఇరవై ఎత్తలేనోణ్ణి అయిపోయాను. ఈ ఎదవ నడుము నన్ను ముంచేసింది." అంత పెద్ద మనిషి ఏడ్చాడు. నాకు నోరుంటే అప్పుడే చెప్పేదాన్ని.

రైసుమిల్లు గేటు దగ్గర కాపలాకు కుదిరాడు. రెండేళ్లకు నన్ను పాత ఇనుము కొట్టుకు తెచ్చాడు.

"ఇరవై రెండున్నర" అన్నాడు కొట్టువాడు.

"ఇరవై కదా, సరిగ్గా సూడు."

"కాటా తప్పు సెప్పదు బాబాయ్."

ఇశ్రాయేలు నన్ను దించి మళ్లీ పెట్టాడు. అంకె మారలేదు. నన్ను బోర్లించి, అడుగున సీసాన్ని వేలితో తడిమాడు. అతని పెదాలు ఏదో లెక్కపెట్టాయి. ముందు ఎనిమిదిసార్లు, తర్వాత, నాకు తెలుసు, పద్దెనిమిదేళ్ల బస్తాలు.

కోప్పడతాడనుకున్నాను. చెయ్యి వెనక్కి పోనిచ్చి, గాయపడ్డ ఎద్దును నిమిరినట్టు తన నడుము నిమురుకున్నాడు.

"నిన్ను ఊరికే తిట్టుకున్నానే" అన్నాడు.

తర్వాత వెళ్లిపోయాడు. నా వైపు తిరిగి చూడలేదు.