మూడో బ్యాంకు, సి మీట

బావ ఎడమచేతి ఉంగరపువేలు కారు తలుపులో పడి నలిగి ఆర్నెల్లయింది. చూడ్డానికి లక్షణంగా ఉంటుంది, గిటారు తీగ మీద పెడితే మాత్రం అత్తారింటికొచ్చిన కొత్తల్లుడిలా కదలదు, మెదలదు. ఈ సంగతి భార్యకి తెలియదు, బ్యాండులో తెలియదు. తెలిసింది ఒక్క పెడల్‌కే.

పెడల్ అంటే గిటారుకీ స్పీకరుకీ మధ్య నేలమీద ఉండే ఇనప డబ్బా. కాలితో మీట నొక్కితే ముందే తయారుచేసి దాచుకున్న శబ్దం పలుకుతుంది. దాన్నే ప్రీసెట్ అంటారు. బావ నెలరోజులు తలుపేసుక్కూర్చుని మూడో బ్యాంకులో, అంటే ప్రీసెట్ల మూడో వరసలో, సి మీట కింద ఒకటి కట్టాడు. నీరసంగా పడ్డ స్వరాన్ని కంప్రెసర్ లాగి నిలబెడుతుంది, వేలు ఎగ్గొట్టిన చోటల్లా డిలే అనే ప్రతిధ్వని వచ్చి పూడ్చేస్తుంది. వింటే ఈయనకి వేళ్ళు పదా పదిహేనా అనిపించేది.

ఆ పొద్దున హోటల్ హాల్లో మేనేజరు బ్యాండుని వినడానికొస్తున్నాడు. నచ్చితే ఏడాది పొడుగునా పని. డ్రమ్ములు బావమరిదివి. వాడి చేతులు పుట్టినప్పట్నుంచీ ఊరుకోవు. బావ టీకి వెళ్ళగానే పెడల్ ముందు గొంతుక్కూర్చున్నాడు. సేవ్ చెయ్యడం వాడికి నేర్పింది బావే.

"రెండుసార్లు నొక్కాలిరా. మొదటిసారి అడుగుతుంది, రెండోసారి మింగేస్తుంది."

వాడు ఏ ఎఫెక్టూ లేని ఉత్త శబ్దాన్ని తెచ్చి సి మీట మీద పెట్టి, రెండుసార్లు నొక్కాడు.

రెండో పాటలో బావ సోలో. ఆయన పెడల్ తెరవైపు చూడడు, కాలికే కళ్ళున్నాయి. నొక్కాడు. టక్. టుక్. మధ్యలో గాలి. మళ్ళీ టక్.

బావమరిది డ్రమ్ముల వెనక పొట్ట పట్టుకుని నవ్వాడు.

"సార్, వీడు నా సౌండ్ మార్చేశాడు సార్!"

"సరదాకి సార్, మా బావే కదా!"

మేనేజరూ నవ్వాడు. "పోన్లెండి, ఈ సౌండుకేమైంది? ఇందులోనే వాయించండి."

బావ వాయించాడు. వేలు జారింది. మెల్లగా వాయించాడు, మళ్ళీ జారింది. బల్లలు తుడిచే మనిషి గుడ్డ పక్కన పెట్టి మరీ చూశాడు. ఇప్పుడు నవ్వుతున్నది బావమరిది ఒక్కడు కాదు.

"ఇన్నాళ్ళూ వాయించింది మీరా, ఆ డబ్బానా?" అన్నాడు మేనేజరు. "మిగతావాళ్ళు రేపట్నుంచి రండి. గిటారుకి నా దగ్గర మనిషున్నాడు."

అందరూ వెళ్ళాక బావ అడిగాడు. "నాది ఎక్కడ పెట్టావ్?"

"దాని మీదే పడింది బావా, నీది చెరిగిపోయింది. నువ్వు ఇంకోచోట దాచుకునుంటావనుకున్నా." వాడు తల గోక్కున్నాడు. "వేలు సంగతి అక్కకి చెప్పన్లే. కానీ బావా, ఆ డబ్బా ఇక్కడే ఉంచి వెళ్ళరాదూ? కొత్తాయనకి మన నలభై పాటల సౌండ్లూ కావాలి. నీకింక దేనికి?"

బావ వంగాడు. అట్టడుగు మెనూ దాకా వెళ్ళాడు. అన్నీ చెరిపెయ్యనా, అని తెర అడిగింది.

రెండోసారి ఉంగరపువేలితో నొక్కాడు. దానికి ఆ మాత్రం బలం ఉంది.

"ఉంచుకోరా," అని గిటారు సంచీ జిప్పు లాక్కున్నాడు.