దొర మెడ మీద జిడ్డు

మా ఆవిడ కడగని వస్తువు ఈ ఇంట్లో లేదు. చీపురు కడుగుతుంది, గొడుగు కడుగుతుంది. ఓసారి వాన మురికిగా కురుస్తోందని మేడెక్కి చినుకుల్ని కూడా కడిగింది. నమ్మకపోతే మీ ఖర్మ.

అలాంటి మనిషి ఇంటికి కోడలు పుట్టింటి నుంచి కుక్కను వెంటబెట్టుకొచ్చింది. పనేమీ చేయదు, వేళకు తింటుంది, పిలిస్తే తీరిగ్గా చూస్తుంది. అందుకే దొర అని పేరు పెట్టాను.

ఈ వేసవిలో దొరకు గోమార్లు పట్టాయి. చెవుల్లో, వేళ్ల సందుల్లో శనగగింజల్లా ఉబ్బి నెత్తురు తాగుతున్నాయి. కోడలు దాని మెడ మీద వెంట్రుకలు పాయ తీసి నెలనెలా చుక్కల మందు వేస్తూనే ఉంది. అయినా తగ్గవు. దొర తిండి మానేసి నా కుర్చీ కింద పడుకుంది.

ఆ ఉదయం మా ఆవిడ తలగడ మీద ఒక గోమారి దొరికింది. ఇంకేముంది.

"సాయంత్రం సందు చివరి గోడౌన్ వాచ్‌మన్ వచ్చి దీన్ని కాపలాకి తీసుకుపోతాడు. మాట్లాడేశాను."

"అది నాతో వచ్చిందత్తయ్యా."

"గోమార్లు కూడా నీతోనే వచ్చాయా?"

మా అబ్బాయి చెప్పులు కూడా వేసుకోకుండా బయటపడ్డాడు.

కోడలు బస్సు కండక్టరు. డ్యూటీకి వెళ్లి, సగం పూట సెలవు పెట్టి, దొరను డాక్టరుకు చూపిద్దామని మధ్యాహ్నమే తిరిగొచ్చింది. వచ్చేసరికి పెరట్లో దొర ఒళ్లంతా సబ్బు నురగ. మా ఆవిడ చీర దోపుకుని దాని మెడ బరబరా తోముతోంది.

"ఏం చేస్తున్నారు?"

"పోయేది శుభ్రంగా పోనీ అని. నెలనెలా మెడకి ఈ జిడ్డెక్కడ పూసుకొస్తుందో, తోమలేక చస్తున్నా."

కోడలు ముఖం ఎర్రబడింది. "అది జిడ్డు కాదు, మందు. నిన్న మేడ మీద వేశాను. నెలనెలా మీరు కడిగి పారేస్తున్నారా?"

"నాకు చెప్పి ఏడవొచ్చుగా. దొంగచాటుగా వెయ్యడమెందుకు?"

"మొదటిసారి చెప్పాను. కంపు కొడుతోందని సీసా వీధిలోకి విసిరింది మీరు కాదా?"

"ఒకళ్లు వెయ్యడం, ఒకళ్లు తోమడం. గోమార్లు మీ ఇద్దరికీ దండలేసి సన్మానం చెయ్యాలి," అన్నాను.

"మీరు నోరు మూసుకోండి," అంది మా ఆవిడ.

నాకూ ఒళ్లు మండింది. దొర పెదవి పైకెత్తి చూపించాను. చిగుళ్లు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి.

"చూడండి ఇద్దరూ. మీ పంతాలు దీని నెత్తురు తాగేశాయి."

నురగ కడిగేసి దొరను తువ్వాల్లో చుట్టారు. అందరం ఆటో ఎక్కాం. డాక్టరు గోమార్ల జ్వరమని సూది వేసి, ఒళ్లు బాగా ఆరాకే మళ్లీ మందు వెయ్యాలని, వేశాక కొన్నాళ్లు నీళ్లు తగలకూడదని గట్టిగా చెప్పాడు.

సాయంత్రం వాచ్‌మన్ గొలుసు పట్టుకొచ్చాడు. మా ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నెలనెలా మందు వేస్తావా?"

"గోడౌన్‌లో మందెందుకమ్మా? వాటంతటవే రాలిపోతాయి."

"గొలుసు పట్టుకుని వెళ్లు."

తలుపేసి, కోడలి వైపు చూడకుండానే అంది: "ఇకమీదట ఏం వేసినా నా కళ్లెదురుగా వెయ్యి."

"వేశాక కడగనని మాటివ్వండి."

"మాటివ్వను. జిడ్డు చూస్తే నా చెయ్యి ఊరుకోదు. ఆ సబ్బు నీ బీరువాలో పెట్టుకుని చావు."

కోడలు నిజంగానే సబ్బు తీసుకెళ్లి, బీరువా తలుపు ఇల్లదిరేలా వేసింది.