మచ్చు చూడని సరుకు

మచ్చు చూడనిదే మిర్చి బస్తాకు బేరమాడని వెంకట్రాజం, కంప్యూటర్ లోపలి జాగాను మాత్రం మచ్చు చూడకుండానే పంచాడు. మట్టెవాడలో దుకాణం, ఊరి బయట కోల్డ్ స్టోరేజీ ఉన్న మనిషి. ఎవరి బస్తాలు ఏ గదిలో ఉన్నాయో రాయడానికి ఎనభై ఏడులో మిషన్ కొని, రైతుల పేర్ల మొదటి అక్షరాన్ని బట్టి ఏ నుంచి జెడ్ దాకా సమానంగా అరలు వేయించాడు. అన్నదమ్ముల పంపకంలా ఉంటే తగాదా ఉండదనుకున్నాడు.

ఆ ఏప్రిల్‌లో ఓ మధ్యాహ్నం, ఆపరేటర్ సరస్వతి చేతులు మీటల మీద ఆగిపోయాయి.

"సేటూ, ఎస్ అర నిండింది. ఇంకో పేరు పట్టది."

"మిగతాయి?"

"ఖాళీనే. ఎక్స్ అరల ఈగ గూడ లేదు."

పడమర నల్లబడుతోంది. గేటు బయట తొర్రూరు బండ్ల మీద మిర్చి. తడిస్తే కాయ చెడుతుంది; రాయకుండా లోపలేస్తే ఎవరి బస్తా ఎవరిదో తేలదు. వెంకట్రాజం గేటు దగ్గరికి ఉరికాడు.

"జర మీ పేర్లు చెప్పుండ్రి!"

"సమ్మయ్య." "సాంబయ్య." "పోశయ్య." "సారయ్య." "సమ్మమ్మ."

"ఏంది సేటూ, పెండ్లి పత్రికలు పంచుతాన్నవా?" అన్నాడు ముసలి యాకయ్య.

వెంకట్రాజానికి నవ్వు రాలేదు. వరసలో ఎక్కువమంది సమ్మక్క సారలమ్మలకు మొక్కితే పుట్టినవాళ్లే. ఇక్కడే పుట్టి పెరిగినా తనకది తట్టలేదు.

"నీ మనుమని పేరేంది యాకన్నా?"

"ఇంకేముంటది? సమ్మయ్యనే."

వెనక్కి వచ్చి, "ఎస్‌కు సగం జాగా ఇయ్యి బిడ్డా," అన్నాడు.

"అన్ని పేర్లు ఫ్లాపీలకు దించి, అరలు చెరిపి, మళ్ల ఎక్కియ్యాలె. నడుమల కరెంటు పోయి ఫ్లాపీ ఖరాబైతే పాత పేర్లు గూడ ఉండయి."

"రెండు జతలు దించు."

"వానొస్తాంది సేటూ!"

"రానీ. తడిసిన మిర్చికి ఎండ ఉన్నది. చెరిగిన పేరుకు ఏమున్నది?"

తన టార్పాలిన్లన్నీ బండ్ల మీదికి పంపి, రెండో జత ఫ్లాపీలు ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాడు. సరస్వతి అరలు చెరిపి, ఎస్‌కు సగం జాగా ఇచ్చి కొత్తవి వేసింది. తెర మీద ఏమీ లేదు. పేర్లు తిరిగి ఎక్కుతుండగా గాలి లేచింది, బల్బు వణికింది, ఆరింది. మిషన్ గురక ఆగింది.

వాన దంచుతున్నంతసేపూ ఇద్దరూ నల్లటి తెరను చూస్తూ కూర్చున్నారు. కరెంటు వచ్చాక మొదటి జత ఫ్లాపీ గీరుకుని మొరాయించింది. వెంకట్రాజం ఇనప్పెట్టె తీశాడు.

రెండో జత చదివింది. సమ్మయ్య, సమ్మయ్య, సమ్మయ్య... తెర నిండింది, ఎస్ అర మాత్రం ఇంకా నిండలేదు.

"గేటు తియ్యుండ్రి," అన్నాడు. తానే పోయి మొదటి బండి మీది టార్పాలిన్ లాగాడు.