తలుపు వెనక తాడుముక్క

తెల్లారగానే రేవు పక్కన తాళ్ళ కొట్టు తెరిచి, తాళ్ళావిడ చాప మీద కూర్చునేది. నైలాన్ తాడు పాయలు విప్పి, కొబ్బరి పీచు తాడు పాయల్లోకి కొయ్యమేకుతో ఒక్కొక్కటే దూర్చి అతుకు వేసేది. పీచుకైతే మూడు చుట్లు చాలు. నైలాన్ ఒట్టి జారుడు ఘటం, దానికి ఐదైనా పడాలి.

నైలాన్ ఎంత గట్టిదైనా కబురు మోయదు. అందుకే ప్రతి లంగరు తాడులోనూ మూరెడు పీచు కలిపేవాళ్ళు. ఆ పీచు కోయగా మిగిలిన ముక్క, ఏ పడవది ఆ పడవకే గుర్తుగా, కొట్లో గోడకు వేలాడేది. ఆ పడవ నీళ్ళ మీద ఉన్నంతసేపూ ఆ ముక్కలోంచి ఉప్పునీళ్ళు కారేవి. పడవ ఒడ్డు చేరితే కారడం ఆగి, మెల్లగా ఆరేది. "అక్కా, మాది ఆగిందా?" అంటూ ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. ఆగితే చాలు, వెనక్కి తిరిగి చూడకుండా ఒడ్డుకు పరుగో పరుగు. తాళ్ళావిడ ఎలా ఉందని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

ఒంటిగాడని అందరూ పిలిచే పడవవాడు మాత్రం అంతా నైలానే వెయ్యమన్నాడు.

"నాకోసం చూసేదెవరు? పీచు దండగ."

ఆవిడ తలూపింది గానీ, మూరెడు పీచు కలిపే ఇచ్చింది. వారం తిరక్కుండా వచ్చి కస్సుమన్నాడు. "ఇదెందుకు పెట్టావ్? చేతులు గీరుకుపోతున్నాయి!"

"నైలాన్ చాల్లేదు," అంది మొహం తిప్పుకుని.

అతని ముక్కను తలుపు వెనక దాచింది. ఎవరైనా చూస్తే ఊరంతా కోడై కూస్తుంది. రోజూ దాన్ని తడిమి చూసుకునేది. అది ఆరిన రోజు ప్రాణం లేచొచ్చేది, ఆ మాట చెప్పుకోవడానికి మాత్రం ఎవరూ లేరు.

ఒక మధ్యాహ్నం గాలి రేగింది. పడవలన్నీ హడావిడిగా తిరిగొచ్చాయి, గోడ మీది ముక్కలన్నీ కారడం మానేశాయి. తలుపు వెనక మాత్రం నీళ్ళు ధారకట్టాయి. ఒడ్డున ఎవరూ ఒంటిగాడి ఊసే ఎత్తలేదు. తాళ్ళావిడ కాసేపు కొంగు నలుపుతూ నిలబడింది. తర్వాత ముక్క ఊడబెరికి, చెప్పులైనా వేసుకోకుండా ఒడ్డుకు పరుగెత్తింది.

"ఒంటిగాడింకా రాలేదు! చూడండి, ఎలా కారుతోందో!"

"అతని ముక్క నీ దగ్గరెందుకుందక్కా?" అంది ఒకామె.

"ఉంది. ముందు పడవ తియ్యండి."

రెండు పడవలు వెళ్ళాయి. ఇంజన్ చచ్చి, లంగరు మీదే వేలాడుతున్న ఒంటిగాడి పడవను సాయంత్రానికి లాక్కొచ్చాయి.

అతను తడిబట్టలతోనే తాళ్ళావిడ కొట్లోకి వచ్చాడు. ఆవిడ ఒళ్ళో ఉన్న ముక్కను వేలితో తాకాడు.

"ఆగింది కానీ, ఇంకా చెమ్మగానే ఉంది," అన్నాడు. "ఆరేదాకా కూర్చోనా?"

ఆవిడ చాప మీద కాస్త పక్కకు జరిగింది.