స్థూపం దాకా సైకిల్ దారి

శనివారం పొద్దున్నే రత్నమాణిక్యం సైకిలెక్కి తుపాను స్థూపం దగ్గరికి వెళ్తుందని కొత్తమెరకలో అందరికీ తెలుసు. తొంభై ఆరు తుపానులో ఆ ఊరివాళ్ళు పంతొమ్మిది మంది పోయారు. ఆమె భర్త వెంకన్న ఆ రాత్రి రొయ్యల చెరువుల కాపలాకి వెళ్ళి తిరిగి రాలేదు. శవం కూడా దొరకలేదు. స్థూపం మీద పదకొండో పేరు అతనిది. అతను ఉన్న చోటంటూ ఆమెకి మిగిలింది అదొక్కటే.

పిల్లలు లేరు. పాతికేళ్ళు అంగన్‌వాడీ టీచరుగా చేసింది. రిటైరయ్యాక గుమ్మంలోకి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. కొన్ని రోజులు పాలవాడితో అన్న రెండు ముక్కలే ఆమె మాట్లాడిన మాటలు.

ఈమధ్య ఊరికీ స్థూపానికీ మధ్య ఉన్న రోడ్డుని నాలుగు లైన్ల హైవే చేశారు. నడుమ డివైడర్ కట్టారు. అవతలికి వెళ్ళాలంటే మూడు కిలోమీటర్లు పోయి మలుపు తిరిగి రావాలి. అంతదూరం తొక్కలేక ఆమె సైకిల్‌ని డివైడర్ మీదుగా ఎత్తి దింపేది. ఆషాఢంలో ఒకరోజు అలా ఎత్తుతుంటే కొబ్బరికాయల లారీ ఒకటి వెనక చక్రాన్ని రాసుకుంటూ పోయింది. ఆమె పడిపోయింది. మోచెయ్యి గీరుకుపోయింది.

డ్రైవరు లారీ ఆపి దిగొచ్చాడు. "చచ్చిపోదురు కదండీ మామ్మగారూ! ఇటేం పనండీ మీకు?" అని అరిచాడు.

ఇంటికొచ్చి మోచేతికి పసుపు అద్దుకుంది. ఇలా జరిగిందని చెప్పుకోవడానికి ఎవరూ లేరు.

సోమవారం మండల ఆఫీసుకి వెళ్ళి ఇంజనీరు సురేష్‌బాబుని కలిసింది.

"హైవే వంతెన కింద నుంచి పంటకాలువ పోతుంది కదండీ. తుమ్మకంప కొట్టించి ఆ గట్టు బాగుచేయిస్తే సైకిళ్ళు కిందనుంచే దాటొచ్చండి."

"ఆలోచన బాగుందండి టీచరుగారూ. కానీ స్థూపానికి రోజూ ఎంతమంది వెళ్తారో రాసివ్వాలి. లేకపోతే ఫైలు కదలదండి."

ఆమె వారం రోజులు గొడుగు వేసుకుని స్థూపం దగ్గర కూర్చుంది. గేదెలు వచ్చాయి, పోయాయి. మనిషన్నవాడు రాలేదు. ఆ పేర్లలో సగంమంది తాలూకు వాళ్ళు ఊళ్ళోనే ఉన్నారు. తను రాని రోజుల్లో వాళ్ళు వస్తున్నారనే ఇన్నేళ్ళూ అనుకుంటూ వచ్చింది. కాగితం మీద 'ఒక్కరు' అని రాసి ఇచ్చింది.

"ముప్ఫై అని రాసెయ్యకూడదండీ?" అన్నాడు సురేష్‌బాబు.

"ఎవరండీ ఆ ముప్ఫై మందీ?"

"హైస్కూలు కూడా అవతలే కదండీ. పిల్లలెలా దాటుతున్నారో?" అన్నాడతను.

ఆమె నేరుగా హెడ్మిస్ట్రెస్ దుర్గాశ్రీ దగ్గరికి వెళ్ళింది. నలభై ఇద్దరు ఆడపిల్లలు రోజూ సైకిళ్ళు ఎత్తి ఆ డివైడరే దాటుతున్నారు. ఇద్దరూ కలిసి అర్జీ రాశారు. గట్టు పక్క కొబ్బరితోట చంద్రరావుది. దారికోసం నాలుగు చెట్లు తీయాలంటే అతను ఒప్పుకోలేదు. మూడోసారి వెళ్ళినప్పుడు అరుగుమీద కూర్చోబెట్టి, "మా అన్నయ్య పేరు కూడా ఆ రాయిమీదే ఉందండి. చూస్తే ఏడుపొస్తుందని వెళ్ళను. చెట్లు కొట్టించుకోండి," అన్నాడు.

ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలూ ఆమె ఫోను మోగుతూనే ఉంది. "సంతకం అయిందండి." "రేపు కొలతలకి వస్తున్నామండి." "భోంచేశారా అండీ?" పక్కమీద వాలగానే నిద్ర పట్టేసేది.

దారి పూర్తయింది. ఆ శనివారం వంతెన కిందనుంచి పది నిమిషాల్లో స్థూపం చేరింది. స్కూలుకెళ్ళే పిల్లలు బెల్లు కొట్టుకుంటూ పక్కనుంచి పోయారు. ఎవరూ ఆగలేదు. ఆగుతారని ఆమె అనుకోనూ లేదు. ఫోను తీసి చూసుకుంది. నాలుగు రోజులుగా ఎవరూ చెయ్యలేదు. ఇక చెయ్యాల్సిన పని ఎవరికీ లేదు.

"నీకోసమే తిరుగుతున్నాననుకున్నానయ్యా," అంది రాయితో. "నాకోసమే తిరిగాను." కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది.

లేచి చూస్తే సిమెంటు దారి అక్కడితో ఆగిపోయి ఉంది. అవతల ఇసుకబాట, దాని చివర రొయ్యల చెరువులు. వెంకన్న ఆఖరి రాత్రి గడిపిన చోటుకి ఆమె ఏనాడూ వెళ్ళలేదు. సైకిల్ నెట్టుకుంటూ బయల్దేరింది. కొంతదూరం పోయేసరికి చక్రాలు ఇసుకలో దిగబడిపోయాయి. ఎంత నెట్టినా కదల్లేదు. అక్కడే నిలబడి సురేష్‌బాబుకి ఫోన్ చేసింది.

"చెరువుల దాకా దారి లేదండి బాబూ."

"అటు కూడా వేయించాలంటారా?" అతను నవ్వాడు. "సరేనండి, సోమవారం అర్జీ పట్టుకురండి."

ఆ అర్జీ ఇంకా పెండింగులోనే ఉంది. సోమవారం సోమవారం ఆమె ఆఫీసుకి వెళ్తుంది. సురేష్‌బాబు కుర్చీ వేయించి టీ తెప్పిస్తాడు. ఇంకా అవలేదని చెప్పడానికి మొదట్లో ఇబ్బందిపడేవాడు. "పర్లేదండి, మళ్ళీ వారం వస్తాను," అంటుంది ఆమె, గ్లాసులో టీ చల్లారేదాకా ఆగి ఆగి తాగుతూ.