టికీ పలువరస

సరయు పెళ్ళికి ముందు కాకినాడలో పళ్ళు చెక్కేది. డెంటల్ డాక్టర్లు రోగుల నోటి అచ్చులు తీసి ల్యాబుకి పంపేవారు. ఆ అచ్చులో ఖాళీగా ఉన్న చోట మైనంతో పన్ను కట్టి, పక్క పన్నుతో కలిసిపోయేలా దాన్ని చెక్కడం ఆమె పని. ఆమె చేసిన పన్ను ఏదో, అసలు పన్ను ఏదో ల్యాబు యజమానికే ఒక్కోసారి తెలిసేది కాదు.

1999 వేసవిలో వరుణ్‌ని పెళ్ళి చేసుకుని సింగపూర్ వచ్చింది. వరుణ్ సైన్స్ పార్క్‌లో ఒక కంపెనీలో ప్రోగ్రామర్. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పు చదువుతాయని లోకమంతా భయపడుతున్న రోజులవి. పాత ప్రోగ్రాములన్నీ వెతికి సరిచేసే పని వరుణ్ బృందానిది. పొద్దున్నే బూన్ లేలో రైలెక్కి వెళ్తే, వచ్చేసరికి వండినవన్నీ చల్లారిపోయేవి. ఆదివారాలు కూడా ఉండేవి కావు.

సరయు ఊరుకోలేదు. పళ్ళు చేసే ల్యాబులకి ఫోన్లు చేసింది. ఇక్కడి సర్టిఫికెట్ ఉందా అని అడిగి పెట్టేశారు. చీరల మడతల్లో దాచి తెచ్చుకున్న పనిముట్ల సంచీని బీరువా మీదకి ఎక్కించేసింది.

ఒకరోజు పొద్దున తాముండే అపార్ట్‌మెంట్ల బ్లాకు కింద ఉన్న పబ్లిక్ ఫోన్ నుంచి వాళ్ళమ్మతో మాట్లాడుతోంది. "ఏముందమ్మా, అంతా బాగుంది. మాట్లాడ్డానికి మనిషే లేడు, అంతే" అంది.

"మనుషులు లేకేం? ఇక్కడ నేనున్నాగా!" అని వెనక నుంచి తెలుగులో గొంతు వినిపించింది.

సరయు ఉలిక్కిపడి చూసింది. చదరంగం గళ్ళు గీసిన రాతిబల్ల దగ్గర ఒక పెద్దాయన కూర్చున్నాడు. తెల్ల బనీను, నిక్కరు. బల్ల అంచుకి చిన్న ఇనప పట్టుడు బిగించి, అందులో కదలకుండా ఇరికించిన బొటనవేలంత కొయ్యముక్కను ఆకురాయితో రాస్తున్నాడు.

ఆయన పేరు దొరబాబు. తాత కాలంలో విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబం. దొరబాబు సింగపూర్‌లోనే పుట్టి, వయసులో ఓడల మీద వడ్రంగిగా తిరిగి, తర్వాత ఓడలు బాగుచేసే యార్డులో పనిచేసి రిటైరయ్యాడు.

"ఇదేం బొమ్మ అంకుల్?" అంది సరయు. పెద్ద గుండ్రటి కళ్ళు, వెడల్పు నోరు, పొట్ట మీద రెండు చేతులు.

"టికీ. పసిఫిక్ దీవుల వాళ్ళది. వాళ్ళ పెద్దల బొమ్మ అనుకో. వాళ్ళ ఊళ్ళో మనిషెత్తున ఉంటాయి. నేను చేసేవి జేబులో పట్టేవి." పక్కనున్న ముక్కను తీసి నీళ్ళ గ్లాసులో పడేశాడు. అది రాయిలా అడుక్కి పోయింది. "చూశావా? తేలదు. ఓడ పంకా ఇరుసు చుట్టూ ఒకప్పుడు ఈ కాయు వేసేవాళ్ళు. దీనికి నూనె పెట్టక్కర్లేదు, దాన్లోనే ఉంటుంది నూనె. యార్డులో పాత ఓడల నుంచి ఊడదీసి పారేస్తుంటే తెచ్చి దాచుకున్నా."

మలయ్ భాషలో కాయు అంటే కొయ్య అని సరయుకి తర్వాత తెలిసింది. ఆ రోజు నుంచి కూరలు కొనుక్కుని వస్తూ ఆ బల్ల దగ్గర కాసేపు కూర్చోవడం అలవాటైంది. "మకాన్ అయిందా అమ్మాయ్?" అని, తిన్నావా అన్నట్టు పలకరించేవాడు. కుర్రతనంలో ఒక ఓడ మీద కాలు విరిగితే, పసిఫిక్‌లోని మార్కెసాస్ దీవుల్లో తనని దింపేసి ఓడ వెళ్ళిపోయిందట. తెహావు అనే జాలరి ఇంట్లో పెట్టుకుని, కాలు అతికేదాకా అన్నం పెట్టి, ఊసుపోవడానికి టికీ చెక్కడం నేర్పాడట.

"నాకు వాడి భాష రాదు, వాడికి నా భాష రాదు. కొయ్య మధ్యలో పెట్టుకుని మాట్లాడుకునేవాళ్ళం" అనేవాడు దొరబాబు.

ఒకరోజు ఆయన పూర్తయిన టికీని ఆమె అరచేతిలో పెట్టాడు. సరయు కళ్ళు తిన్నగా దాని నోటి మీదికే పోయాయి. ఎన్నేళ్ళ అలవాటో! ఆలోచించకుండానే అనేసింది: "పలువరస మధ్యగీత పక్కకి పోయింది అంకుల్. ఎడమ కన్ను కూడా పెద్దదైంది."

"టికీలు అలాగే ఉంటాయి."

"మరి దీనికి సరిగ్గా ఉందిగా?" అంటూ ఆయన తాళాల గుత్తికి వేలాడుతున్న పాత టికీని పక్కన పెట్టింది. దాని ముఖం గీత గీసినట్టు ఉంది.

దొరబాబు రెంటినీ చూడలేదు. పట్టుడు విప్పి, పనిముట్లు సంచీలో పడేసుకుని లిఫ్టు వైపు వెళ్ళిపోయాడు. మర్నాడు కిందికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఉన్న ఒక్క స్నేహాన్నీ నోటి దురుసుతో పోగొట్టుకున్నానని సరయు బాధపడింది.

ఆ వారంలోనే ఎవరో తలుపు తట్టారు. బొద్దుగా, తెల్లజుట్టుతో ఒక పెద్దావిడ నిలబడి ఉంది.

"నేను సూర్యకుమారిని. దొరబాబు పెండ్లాన్ని. ఆయన్ని ఆ మాట అన్నది నువ్వేనా?"

"తప్పయిపోయింది ఆంటీ."

"తప్పేంటి? ఏడాదిగా నేనూ అదే అంటున్నా. మొన్న టీ అనుకుని రసం తాగాడు. కళ్ళల్లో శుక్లాలు ముదిరాయి, ఆపరేషన్ చేయించుకోమని డాక్టరు చెప్పి ఎన్నాళ్ళయిందో! వినడు. వాళ్ళన్నకి ఎప్పుడో పాతకాలంలో చేయిస్తే చూపు మొత్తం పోయింది. ఆ భయం పట్టుకుంది. రా, ఇంటికి రా నాతో. ఇప్పుడు ఇంకో కష్టం వచ్చిపడింది."

మెట్లు దిగుతూ ఆ కష్టమేంటో చెప్పింది. తెహావు కొడుకు పేరు తేయికి, సరుకుల ఓడ మీద పనిచేస్తున్నాడు. ఆ ఓడ మరమ్మతుకి తువాస్ యార్డుకి వచ్చింది. నాన్న మిమ్మల్ని చూసి రమ్మన్నాడని ఫోన్ చేశాడు. ఓడ వెళ్ళేలోగా తెహావుకి తన చేతి టికీ ఒకటి పంపాలని దొరబాబు పట్టుదల. చేసిన ప్రతిదీ ముఖం దగ్గర పాడైపోతోంది.

ఇంట్లో కిటికీ గట్టు మీద పాడైన టికీలు వరసగా ఉన్నాయి. ఒకదాని కళ్ళు కలిసిపోయాయి, ఒకదాని నోరు చెంప మీదికి జారింది. ఒళ్ళు మాత్రం అన్నింటికీ నున్నగా, నిండుగా కుదిరింది. దొరబాబు కుర్చీలో అటు తిరిగి కూర్చున్నాడు.

"ఒళ్ళు చేతికి తెలుస్తుంది అమ్మాయ్. ముఖమే కళ్ళకి తెలియాలి" అన్నాడు.

"ముఖం నేను చెక్కనా అంకుల్?"

"నీకు టికీ తెలుసా?"

"తెలియదు. పళ్ళు తెలుసు."

దొరబాబు ఇటు తిరిగాడు. సరయు ఇంటికి వెళ్ళి, బీరువా మీది సంచీ దింపి తీసుకొచ్చింది. అందులో సన్నటి చాకులు, పెన్నులా పట్టుకునే చిన్న మోటారు, దానికి తగిలించే ఆవగింజంత ములుకులు ఉన్నాయి. ప్లగ్గు పెట్టగానే మోటారు సన్నగా కూసింది.

"అయ్యో, పంటి డాక్టరు చప్పుడు!" అని దొరబాబు దవడ పట్టుకున్నాడు. సూర్యకుమారి పగలబడి నవ్వింది. ఆ ఇంట్లో చాలా రోజులకి వినిపించిన నవ్వు అదేనేమో, ఆయన కూడా కాస్త మెత్తబడ్డాడు.

పని అనుకున్నంత సులువు కాలేదు. మైనం మాట వింటుంది, ఈ కొయ్య వినదు. దాంట్లోని నూనె వేడెక్కి ములుకులకి జిగురులా అంటుకుపోయేది. తొందరపడితే కొయ్య కమిలి నల్లబడేది. మొదటి టికీ చెంప మీద సన్నగా బీట ఇచ్చింది. సరయుకి ఏడుపొచ్చింది.

"తోయకు. అదే దారి చూపిస్తుంది, ఆగు" అన్నాడు దొరబాబు. టికీని తీసుకుని కళ్ళు మూసుకుని బొటనవేలి గోరుతో తడిమాడు. "ఇక్కడ కొయ్య చారలు అడ్డం తిరిగాయి. అవతలి వైపు నుంచి రా."

అలా ఆయన గోరు చూపించిన చోట ఆమె చెక్కేది. మధ్యమధ్య ఆగి ములుకు తుడిచేది. ముక్కుకి గుడ్డ కట్టుకోకపోతే సూర్యకుమారి ఊరుకునేది కాదు, ఆ ఆకుపచ్చ పొట్టు ఘాటుకి తుమ్ములు తెగవు. మధ్యాహ్నం అందరూ కలిసి అన్నం తినేవారు. వరుణ్ ఒక రాత్రి వచ్చి, "నీ జుట్టులో ఆకుపచ్చగా ఏంటది?" అన్నాడు. "ఓడ పొట్టు" అని నవ్వి నిద్రపోయింది సరయు. ఎన్ని వారాల తర్వాతో ఆమె నవ్వు విన్నానని వరుణ్‌కి అనిపించింది.

చివరి టికీకి నోరు చెక్కేముందు సరయు ఆగింది. "తెహావుగారు పళ్ళు ఎలా చెక్కేవారు అంకుల్?"

దొరబాబు ఆలోచించాడు. "వాడికి ముందు పళ్ళ మధ్య సందు ఉండేది. నవ్వితే ముందు అదే కనబడేది. చేసిన టికీకల్లా ఆ సందు పెట్టేవాడు. నేనూ పెట్టేవాణ్ణి... ఈమధ్య ఎందుకో మర్చిపోయాను."

"సందు ఎంత?"

"నూలుపోగు పట్టేంత."

సరయుకి అది తెలిసిన పనే. కాకినాడలో ఒక పెళ్ళికూతురు, నా సందు నాకు ఉంచండి, అది లేకపోతే నేను కాదు అంటే, పింగాణీ పళ్ళ మధ్య వెంట్రుకవాసి వదిలింది. అదే చేత్తో ఇప్పుడు కొయ్యలో వదిలింది. ఆ పూట ఊపిరి కూడా మెల్లగా తీసుకుంది.

తేయికి ఒక ఆదివారం వచ్చాడు. గుమ్మంలో తల వంచుకుని రావలసినంత పొడుగు మనిషి, చేతిలో అట్టపెట్టె నిండా మామిడిపళ్ళు. వచ్చీరాని ఇంగ్లీషులో పలకరించి దొరబాబుని చిన్నపిల్లవాడిలా కావలించుకున్నాడు. భోజనాలయ్యాక దొరబాబు టికీని అతని చేతిలో పెట్టాడు.

తేయికి కిటికీ దగ్గరికి వెళ్ళి దాన్ని వెలుతురులో తిప్పి చూశాడు. పొట్ట, చేతులు, కళ్ళు... నోటి దగ్గర ఆగిపోయాడు. పెద్దగా నవ్వాడు. అతని ముందు పళ్ళ మధ్య కూడా అదే సందు ఉంది.

"మా నాన్న నోరు! కానీ ఇప్పుడు ఆయనకి పళ్ళే లేవు. దీన్ని చూసి మురిసిపోతాడు."

"ఒళ్ళు నాది, ముఖం ఈ అమ్మాయిది. చెప్పు మీ నాన్నకి. నాకు కళ్ళు పోయాయి" అన్నాడు దొరబాబు. ఆ మాట ఆయన నోటి నుంచి రావడం సూర్యకుమారి ఎప్పుడూ వినలేదు.

"ఏమయ్యాయి కళ్ళు?"

"తెల్లపొర. శుక్లం."

"అదేనా? నాన్నకీ వచ్చింది. నిరుడు తాహితి తీసుకెళ్ళి తీయించాం. మర్నాటికే పట్టీ విప్పేశారు. ఇప్పుడు గాలానికి దారం తనే ఎక్కించుకుంటున్నాడు. మేం సాయం చేయబోతే తిడతాడు."

దొరబాబు తేయికిని బస్టాపు దాకా దిగబెట్టి వచ్చాక, చెప్పులు విప్పుతూ భార్యతో అన్నాడు. "పాలీక్లినిక్‌కి రేపెళ్దాం. ముందు ఒక కన్నే, తెలిసిందా? ఒక్కటే!"

నవంబరులో ఆపరేషన్ అయింది. మర్నాడు పట్టీ విప్పినప్పుడు ఆస్పత్రిలో సూర్యకుమారితో పాటు సరయు కూడా ఉంది. దొరబాబు రెప్పలు ఆర్పి ముందు భార్యను చూశాడు. "జుట్టు ఇంత ఎప్పుడు నెరిసింది నీకు?" అన్నాడు. తర్వాత సరయు వైపు తిరిగాడు. "నువ్వు ఇంత చిన్నపిల్లవా! గొంతు విని పెద్ద ఆడమనిషివనుకున్నా."

ఇంటికి వచ్చాక కిటికీ గట్టు మీద మిగిలిన టికీలన్నీ ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూశాడు. తను పాడుచేసినవి చూసి తల కొట్టుకుని నవ్వాడు. సరయు చెక్కిన చెంప బీట టికీ దగ్గరికి రాగానే నొసలు ముడిచాడు.

"ఇదేం ముక్కు? పకోడీలా ఉంది."

"మీరే కదా బాగుందన్నారు!"

"అప్పుడు కనబడలేదు లా!" అన్నాడు, సింగపూర్ వాళ్ళందరిలా మాట చివర లా తగిలించి. "తీయి, ఆ మోటారు తీయి. ముక్కు ఎలా పెట్టాలో చూపిస్తా."

సరయుకి కోపం రావాల్సింది, సంతోషం వచ్చింది. మోటారు ఆయన చేతికిచ్చింది. ఆయన దాన్ని పాముని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

ఆ తర్వాతి సోమవారం సరయు ఫోన్ చేయకుండా జురాంగ్‌లోని ఒక ల్యాబుకి తిన్నగా వెళ్ళింది. లోపల ఉన్న చైనా ఆవిడ సర్టిఫికెట్ మాట ఎత్తింది. "సర్టిఫికెట్ లేదు. ఒక నోటి అచ్చు, కాస్త మైనం ఇవ్వండి. నచ్చకపోతే వెళ్ళిపోతాను" అంది సరయు. వేసవిలో అయితే ఆ మాట ఆమె నోట వచ్చేది కాదు. మైనం చేతికి తగలగానే వెన్నలా అనిపించింది. ఆ కొయ్యతో కుస్తీ పట్టాక ఇదొక పనా! గంట తర్వాత ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని పన్నుని అటూ ఇటూ తిప్పి చూసి, అచ్చులోని పక్క పన్నుతో పోల్చి మళ్ళీ చూసి, పాస్‌పోర్టు తీసుకుని రమ్మంది. పనికి అనుమతి కోసం తామే రాస్తామంది. మూడు నెలలు చూసి ఆ పైన చెబుతామంది.

కొత్త సంవత్సరం వచ్చింది. కంప్యూటర్లు ఏమీ తేదీలు మర్చిపోలేదు. వరుణ్ రెండు రోజులు ఏకధాటిగా నిద్రపోయి, జనవరిలో మొదటి ఆదివారం లేచి, ఇంట్లో సరయు లేకపోవడం చూసి కిందికి వచ్చాడు. రాతిబల్ల దగ్గర ఆమె, దొరబాబు ఏదో టికీ చెవుల గురించి గట్టిగా వాదించుకుంటున్నారు. సూర్యకుమారి ఫ్లాస్కులోంచి కాఫీ వంచుతోంది.

"వచ్చావా! ఇన్నాళ్ళకి మనిషి కనబడ్డాడు" అంటూ దొరబాబు బెంచీ మీద జరిగి చోటిచ్చి, వరుణ్ చేతిలో ఒక కొయ్యముక్క, గరుకు కాగితం పెట్టాడు.

"నాకు రాదు అంకుల్."

"రుద్దడమే. వేళ్ళు కీబోర్డు మీదే అరిగిపోవాలా ఏంటి?"

వరుణ్ ముక్కను చేతిలో తూచి చూశాడు. అంత చిన్నదానికి అంత బరువేంటా అని ఆశ్చర్యపోయాడు. తర్వాత సరయు పక్కన కూర్చుని మెల్లగా రుద్దడం మొదలుపెట్టాడు.