ఉత్త నీళ్ళు

ఆమె ఉద్యోగం ఉప్పు తీయడం, ఇంట్లో పని ఉప్పు వేయడం. రెండు చోట్లా పేరు మాత్రం రాలేదు.

"కూరలో ఉప్పెక్కువైంది," అన్నాడు భర్త ఆ శుక్రవారం పొద్దున, కంచంలోంచి తలెత్తకుండానే. "నీ చెయ్యే అంతమ్మా," అని అత్తగారు అందుకున్నారు. ఆవిడకి ఆ మాట తుమ్ము వచ్చినట్టు వచ్చేస్తుంది. ఆమెకీ అలవాటే, "సారీ అత్తయ్యా" అనేసి బ్యాగు భుజాన వేసుకుంది. నిజంగా ఎక్కువైందో లేదో చూడలేదు. పదకొండేళ్ళుగా ఏనాడూ చూడలేదు. అందరూ తిని లేచాక అడుగున మిగిలిన చల్లటి కూర తినే మనిషికి అందులో ఉప్పు ఎంతుందో తేల్చుకునే ఓపిక ఎక్కడుంటుంది? వాళ్ళన్నారు కాబట్టి ఎక్కువయ్యే ఉంటుంది అనుకునేది.

ప్రయోగశాలలో ఆమె పని సముద్రపు నాచుతో. నాచుని ఉడికిస్తే జిగురు దిగుతుంది. ఆ జిగురంతా చక్కెర గొలుసులే, నాలుక మీద వేసుకుంటే మాత్రం తీపి ఉండదు. గొలుసులను చిన్న ముక్కలు చేసి మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రానికి ఎక్కిస్తే, అది ఒక్కో ముక్కనీ తూచి బరువు చెబుతుంది. బరువులు తెలిస్తే గొలుసు అల్లిక తెలుస్తుంది. అయితే నాచు పుట్టిందే ఉప్పునీళ్ళలో, రవ్వంత ఉప్పు మిగిలినా తూకమంతా గందరగోళం. అందుకని జిగురుని పల్చటి సంచిలో కట్టి నీళ్ళలో వేలాడదీసి, ఆరు గంటలకోసారి నీళ్ళు మారుస్తూ మూడు రోజులు కాపు కాయాలి. ఆదివారమైనా సరే. "ఆడవాళ్ళకి ఓపికెక్కువ," అని ప్రొఫెసర్ ఆ పని ఆమెకి అప్పగించాడు. అదే ఓపిక పేరు చెప్పి మిగతా నలుగురి గాజు సామాను కడగడం కూడా ఆమె నెత్తినే పడింది. మూడేళ్ళు గడిచాయి. ఇంతా చేశాక, శుభ్రమైన జిగురునీళ్ళని బుల్లి సీసాలోకి ఎత్తి మూత బిగించేది మాత్రం ఆయన. "ఫైనల్ టచ్ నాది," అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకి భర్త గుర్తొచ్చేవాడు. చుట్టాలొచ్చిన రోజు గరిట ఒక్కసారి తిప్పి, "ఇవాళ్టి వంట నాదే" అని చెప్పుకోవడం ఆయనకీ సరదా.

నెల రోజులుగా ఫలితాల్లో ఓ తలనొప్పి పట్టుకుంది. యంత్రం గీసే గీతలు మెట్లలాగా ఉంటాయి. ఈ నాచు మెట్లు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, అలా వరసగా వస్తాయి. ఇప్పుడు వాటి మధ్య వేరే మెట్లు మొలిచాయి, అన్నీ ఒకే ఎత్తు. ఆ ఎత్తు పిండిపదార్థానిది. నాచు జిగురులోకి పిండి ఎలా వచ్చింది?

"పొద్దున్నే పిండి పిసికి ఆ చేతులతోనే వచ్చేస్తున్నారేమో," అన్నాడు ప్రొఫెసర్, గురువారం అందరి ముందూ. "వంటిల్లు ఇంట్లో వదిలేసి రావాలి కదండీ." ఎవరో కిసుక్కున నవ్వారు. "సోమవారం నుంచి నాచు పని వేరేవాళ్ళకిస్తాను. మీరు గాజు సామాను చూసుకుంటే చాలు."

మూడేళ్ళ పని ఒక్క మాటతో పోతోంది. అంతకంటే సిగ్గుచేటు, ఆమె ఆ మాట నమ్మింది. ఇంటికెళ్ళి గోళ్ళ సందులు బ్రష్షుతో మండేదాకా తోముకుంది. తప్పు ఎక్కడ జరిగినా అది తన చేతిలోంచే జరిగి ఉంటుందని ఎవరూ నేర్పకుండానే నేర్చుకుంది మరి.

శుక్రవారం ఆ ఎర్రబడ్డ వేళ్ళు చూసి, యంత్రం నడిపే పెద్దావిడ ఊరుకోలేదు. అందరూ ఆవిడని మిషనక్క అంటారు.

"ఉత్త నీళ్ళు ఎక్కించి చూశావా ఎప్పుడైనా?"

"ఉత్త నీళ్ళకి మిషన్ టైమ్ దండగ అని సర్ మాన్పించేశారక్కా."

"ఆయన మాన్పించాడు సరే. మిషన్ నడిపేది నేను కదా. నాచు లేకుండా చెయ్యి. అప్పుడూ మెట్లొస్తే అవి నాచులోవి కావన్నమాట, ఎక్కడివో కనుక్కోవచ్చు."

ఆమె ఉత్త నీళ్ళు తీసుకుంది. రోజూ వాడే గాజు సామానే, రోజూ వాడే వడపోతే. ఒక సీసా తనే నింపి మూత పెట్టింది. రెండోది నింపకుండా, మిగిలిన నీళ్ళతో పాటు రోజూలాగే ప్రొఫెసర్ బల్ల మీద పెట్టి, "ఇది సిద్ధంగా ఉంది సర్," అంది. ఆయన ఫోన్లో మాట్లాడుతూనే సొరుగు లాగి గ్లవ్స్ తొడుక్కున్నాడు. ఆయన చేతులకి చెమట ఎక్కువ. అందుకని లోపల తెల్లటి పౌడర్ చల్లిన గ్లవ్స్ డబ్బా తనకోసం ప్రత్యేకంగా తెప్పించుకుంటాడు. ఫైనల్ టచ్ అయింది.

గంట తర్వాత మిషనక్క రెండు కాగితాలు ఆమె చేతిలో పెట్టింది. ఆమె నింపిన సీసా గీత నేలలా చదునుగా ఉంది. ఆయన నింపినదాంట్లో మెట్లున్నాయి, అన్నీ ఒకే ఎత్తువి.

"గ్లవ్స్ పౌడరు. అది పిండే కదా," అంది మిషనక్క.

ఆమె స్టూలు మీద కూలబడింది. తన చేతులు తను చూసుకుంది. పాపం, వీటినా అంతలా తోమాను అనిపించింది.

ప్రొఫెసర్ కాగితాలు చూశాడు, తర్వాత తన చేతులు చూసుకున్నాడు. "మరి ముందే చూడొద్దా?"

"చూస్తానంటే దండగన్నారు సర్."

మిషనక్క గుమ్మంలోంచి కదల్లేదు. ఆయన కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"సరే, పౌడర్ లేనివి తెప్పించండి. నాచు పని మీ దగ్గరే ఉంటుంది."

"తెప్పిస్తాను సర్. సీసా మూత కూడా ఇకనుంచి నేనే పెడతాను," అంది ఆమె.

ఇల్లు చేరేసరికి ఆలస్యమైంది. తల్లీ కొడుకులు భోజనానికి కూర్చుని ఉన్నారు. ఆమె బ్యాగు ఇంకా భుజానే ఉంది.

"ఉప్పెక్కువైంది," అన్నారు అత్తగారు. "నీ చెయ్యే అంతమ్మా."

సారీ గొంతుదాకా వచ్చింది. అంతలో సింకులో కర్రీ పాయింట్ పేరున్న ఖాళీ కవర్లు కనిపించాయి. భర్త కంచంలోకి చూస్తున్నాడు.

"ఇది నేను వండింది కాదత్తయ్యా. కొన్నది."

"నేనే తెచ్చానమ్మా," అన్నాడు భర్త మెల్లగా.

అత్తగారు ఒక్క క్షణమే తడబడ్డారు. "అయితే వాళ్ళ చెయ్యీ నీ చెయ్యి లాంటిదేనన్నమాట."

ఆమెకి నవ్వొచ్చింది. కోపం కోసం వెతుక్కుంటే దొరకలేదు, నవ్వే వచ్చింది. "రేపట్నుంచి ఉప్పు వేయకుండా దించుతాను. ఎవరికి కావలసినంత వాళ్ళు వేసుకోండి," అని ఉప్పు డబ్బా తెచ్చి బల్ల మధ్యలో పెట్టింది. మళ్ళీ వెళ్ళి తన కంచం తెచ్చుకుంది. వాళ్ళు లేచేదాకా ఆగకుండా, వాళ్ళ పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుని, కూర వడ్డించుకుని ఇంకా వేడిగా ఉండగానే నోట్లో పెట్టుకుంది.

ఉప్పు సరిగ్గానే ఉంది.